చివరి పిడికెడు

(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



మధ్యాహ్నం భోజనాలయి, గిన్నెలు సర్దుకుని, కాస్త నడుం వాల్చే వేళ ఇది. ఒక్క నిమిషం మీ చేతుల్ని మీరే చూసుకోండి. నేను చూడమంటున్నది గాజుల్నీ గోరింటాకునూ కాదు. వేళ్ళ మీద ఎన్ని గాట్లున్నాయో లెక్కపెట్టుకోండి. బొటనవేలి మీద కత్తిపీట గీత ఒకటి వుంటుంది. మణికట్టు దగ్గర మూకుడు పెట్టిన చురక ఒకటి. చూపుడు వేలి కొసన క్యారెట్ తురిమే పలక చర్మం లేపిన మచ్చ ఒకటి. నా చేతుల మీద అన్నీ కలిపి తొమ్మిదున్నాయి. వాటిల్లో ఏ ఒక్కదానికి కారణం అడిగినా మనం చెప్పే జవాబు ఒక్కటే. "నా ఏమరుపాటు."

ఆ జవాబు నిజమేనా? ఈ రోజు నా ప్రసంగం దాని గురించే. నేను డాక్టర్నీ కాదు, ఇంజనీర్నీ కాదు. పదో తరగతి పాసై, పెళ్ళి చేసుకుని, పిల్లల్ని పెంచుకుంటూ, అప్పుడప్పుడూ ఇలా మైకు ముందు కూర్చునే గృహిణిని. అయినా ఈ సంగతి ముప్పై ఏళ్ళకు పైగా నన్ను వదలలేదు. ఎందుకో చెబుతాను.

మా పుట్టిల్లు నంద్యాల దగ్గర గడివేముల. ఇప్పుడు నంద్యాల జిల్లా, నా చిన్నప్పుడు కర్నూలు జిల్లా. మావన్నీ నల్లరేగడి నేలలు. ఆ రోజుల్లో మా వీధిలో ప్రతి ఇంటి వెనకా చొప్ప వాము వుండేది. చొప్పంటే ఎండిన జొన్న దంటు. పట్నంలో పుట్టి పెరిగినవాళ్ళ కోసం చెబుతున్నాను. దంటును అలాగే వేస్తే ఎనుములు ఆకు తిని కాడ వదిలేస్తాయి. ముక్కలుగా తరిగి వేస్తే తొట్టి నాకినట్టు తింటాయి. అంచేత మా ఇంట్లో చొప్ప కత్తిరించే మిషను కొన్నారు.

ఆ మిషను చేత్తో తిప్పేది. ముందు ఒక తొట్టి. తొట్టి చివర పళ్ళున్న రెండు ఇనుప రోలర్లు. వాటి అవతల పెద్ద చక్రం, ఆ చక్రానికి రెండు కత్తులు. ఒకరు చక్రం తిప్పాలి, ఇంకొకరు తొట్టిలో చొప్ప పెట్టాలి. చక్రం తిరిగే కొద్దీ రోలర్లు చొప్పను లోపలికి లాక్కుంటాయి, కత్తులు తరుగుతాయి. చూడటానికి పిల్లల ఆటవస్తువులాగే వుంటుంది. మా పిల్లలందరికీ దాన్ని తిప్పడమంటే సరదా.

1992 ఎండాకాలం. నాకు పన్నెండేళ్ళు. ఆ సాయంత్రం మా చిన్నమ్మ తొట్టి దగ్గర కూర్చున్నది. చక్రం తిప్పుతున్నది నేను. నాలుగు కట్టలు అయిపోయినాయి. చివర్లో తొట్టి అడుగున ఒక పిడికెడు పొట్టి దంట్లు మిగిలినాయి. అవి రోలర్లకు అందటం లేదు. "ఇంగ చాలు చిన్నమ్మా, నా చేతులు నొప్పి పుడుతున్నాయి" అన్నాను. "ఉండు పాపా, అయిపాయ. ఈ పిడికెడు గూడా పోనీ" అంటూ ఆమె ఆ దంట్లను పిడికిట పట్టుకుని ముందుకు తోసింది. నేను చక్రం తిప్పాను.

ఆ తర్వాత జరిగింది చెప్పను. కుడి చేతి చూపుడు వేలూ, నడిమి వేలూ పోయినాయి. ట్రాక్టరు మీద నంద్యాల తీసుకుపోయినారు.

ఇంటికి తిరిగొచ్చిన నాటి నుంచి వచ్చిన వాళ్ళందరూ ఒకటే మాట. "ధ్యాస యాడ పెట్టినావమ్మా?" మా జేజి అన్నది, మా చిన్నాయన అన్నాడు, చూడవచ్చిన చుట్టాలందరూ అన్నారు. చివరికి చిన్నమ్మ కూడా, "నాదే ఏమరుపాటు, ఎవర్ని అనుకుని ఏం లాభం?" అనడం మొదలుపెట్టింది. నన్ను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అనకపోవడమే నాకు బరువయింది. ఆ చక్రం తిప్పింది నేనే గదా!

మా వీధిలో చిన్నమ్మ ముగ్గుకు పేరు. ముగ్గుపిండి జారేది బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య నుంచే. ఆ వేలు పోయింది. ముగ్గు పోయింది. పేరంటాలకు వెళ్ళడం మానేసింది. బొట్టు పెట్టబోతే అందరి చూపూ తన చేతి మీదే పడుతుందని. పెళ్ళిళ్ళలో కొంగు కింద కుడి చెయ్యి దాచుకుని ఒక మూల కూర్చునేది. వేళ్ళు పోయినదాని కంటే "ధ్యాస లేని మనిషి" అన్న మాటే ఆమెను ఎక్కువ కుంగదీసిందని నాకు పెద్దయ్యాక అర్థమయింది. ఎందుకంటే, ఆ ఇంట్లో ఆమె కంటే ధ్యాసగా పని చేసేవాళ్ళు ఎవరూ లేరు.

చేతి గాయాల మీద మాట్లాడమని రేడియోవారు అడిగినప్పుడు, పాత ప్రశ్నే మళ్ళీ ముందుకొచ్చింది. కొంత చదివాను, తెలియనివి తెలిసినవాళ్ళను అడిగాను. ఆశ్చర్యమేమంటే, పనిచేసే మనిషి చెయ్యి ఎట్లా కదులుతుంది, ఎక్కడ దెబ్బ తింటుంది అన్నదాని మీద ప్రపంచంలో ఎన్నో ఏళ్ళుగా పరిశోధన జరుగుతున్నది. మనిషికి తగ్గట్టు పనిముట్టును మలచడం ఎట్లా అన్నది ఆ శాస్త్రం. అది మొట్టమొదట అడిగే ప్రశ్న "ధ్యాస యాడ పెట్టినావు?" అని కాదు. "ఆ చెయ్యి అక్కడికి ఎందుకు పోవలసి వచ్చింది?" అని.

ఒక కథ చెబుతాను వినండి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికావారి పెద్ద బాంబర్ విమానాలు కొన్ని, క్షేమంగా నేల మీద దిగిన తర్వాత పొట్ట మీద కూలబడేవి. విచారిస్తే తేలిందేమంటే, రెక్కల పలకల మీట లాగబోయి, చక్రాలను పైకి ముడిచే మీట లాగారట. వెంటనే "పైలట్ తప్పిదం" అని రాసేశారు. అల్ఫోన్స్ చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త విమానం ఎక్కి చూశాడు. రెండు మీటలూ పక్కపక్కనే వున్నాయి, చూడటానికి ఒకటే తీరు. అలసిపోయిన మనిషి చెయ్యి చీకట్లో తడుముకుంటే ఏది ఏదో ఎట్లా తెలుస్తుంది? ఆయన చేసిన వైద్యం చాలా చిన్నది. చక్రాల మీటకు చక్రం ఆకారంలో రబ్బరు పిడి తగిలించాడు, రెక్కల మీటకు రెక్క ఆకారం పిడి. ఇక చేతికే తెలిసిపోయింది. ఆ తప్పిదం ఆగిపోయింది. మనుషులు మారలేదు, పిడి మారింది!

విమానాలు మనకెందుకు అంటారేమో. అదే చపానిస్ 1959లో మన వంటింట్లోకే వచ్చాడు. నాలుగు పొయ్యిల స్టవ్ తీసుకుని, ఇంకొక పరిశోధకుడితో కలిసి, ఏ పొయ్యికి ఏ మీట అన్నది నాలుగు రకాలుగా అమర్చి మనుషుల చేత తిప్పించి చూశాడు. పొయ్యిలు రెండు వరసల్లో చదరంగా, మీటలు ముందు ఒకే వరసలో వుంటే జనం తప్పు మీట తిప్పారు. పొయ్యిల్ని కాస్త పక్కకు జరిపి, ఏ మీటకు ఎదురుగా ఆ పొయ్యి కనిపించేటట్టు పెడితే ఒక్కరంటే ఒక్కరు కూడా తప్పు చేయలేదు. కొత్త స్టవ్ కొన్న నెల రోజులూ పాల గిన్నె కింద మంట తగ్గించబోయి పప్పు కింద తగ్గించడం, పాలు పొంగిపోవడం, ఖాళీ పొయ్యి అనుకుని చెయ్యి పెట్టి కాల్చుకోవడం మనకందరికీ తెలిసిన భాగోతమే. "కొత్త స్టవ్వు, నాకింకా అలవాటు కాలేదు" అని మనల్నే అనుకుంటాం. స్టవ్ చేసిన వాడిని ఒక్కనాడైనా అన్నామా?

ఇక చెయ్యి వేగం సంగతి. అమెరికాలో కార్మికుల భద్రత చూసే ప్రభుత్వ శాఖ, ఇనుప రేకులు నొక్కే ప్రెస్ యంత్రాల నియమాల్లో, మనిషి చెయ్యి సెకనుకు 63 అంగుళాలు కదులుతుందని లెక్క కట్టింది. నా ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు. అంటే సరిగ్గా 63. ఒక్క సెకనులో నా చెయ్యి నా నిలువంత దూరం పోగలదన్నమాట! మరి కంటితో చూసిన దానికి చెయ్యి బదులు చెప్పడానికి సుమారు సెకనులో అయిదో వంతు పడుతుంది. ఆ కాస్త వ్యవధిలో, అప్పటికే బయలుదేరిన చెయ్యి పన్నెండంగుళాలు, అంటే జానెడు దాటి, పోయి వుంటుంది. "అయ్యో కత్తి!" అని మనసు అనుకునేటప్పటికి వేలు కత్తి దగ్గరే వున్నదన్నమాట. ఇందులో ధ్యాస చేసేదేమున్నది? ధ్యాస కంటే చెయ్యే ముందు పోతుంది.

అందుకే ఆ యంత్రాలకు ఒక ఏర్పాటు చేశారు. రెండు బొత్తాలు దూరంగా పెడతారు. రెండు చేతులతో రెండూ ఒకేసారి నొక్కితేనే యంత్రం కదులుతుంది. చేతులు రెండూ బొత్తాల మీద వుంటే ఇక లోపల నలగడానికి చెయ్యి ఎక్కడిది? బొత్తాలు ఎంత దూరంలో పెట్టాలన్నది కూడా ఆ 63 అంగుళాల లెక్కతోనే తేల్చారు. యంత్రం ఆగేలోపు చెయ్యి చేరలేనంత దూరం. "జాగ్రత్త" అని గోడ మీద బోర్డు రాసి వూరుకోలేదు. జాగ్రత్తను యంత్రంలోనే బిగించారు.

మన దేశంలో ఇటువంటి ఆలోచన లేదా అంటే, వున్నది. హరిత విప్లవం తర్వాత పంజాబు, హర్యానా వైపు గోధుమ నూర్పిడి మిషన్లు విరివిగా వచ్చాయి. పంట చేతికొచ్చే రోజుల్లో రాత్రింబవళ్ళు నూర్పిళ్ళు, నిద్ర లేని కూలీలు. మోపు లోపలికి తోస్తూ తోస్తూ ఎంతోమంది చేతులు పోగొట్టుకున్నారు. చివరికి 1983లో పార్లమెంటు ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టమనే ఒక చట్టమే చేసింది. నూర్పిడి మిషనుకు పంట వేసే తొట్టి ఎట్లా వుండాలో భారత ప్రమాణాల సంస్థ కొలతలు కూడా నిర్ణయించింది. తొట్టి పొడవు కనీసం 90 సెంటీమీటర్లు, అందులో లోపలి వైపు కనీసం 45 సెంటీమీటర్ల మేర పైన మూత వుండాలి. ఈ 45 సెంటీమీటర్లు ఏమిటో తెలుసునా? మన మూర! మోచేతి నుంచి నడిమి వేలి కొసదాకా. పూలమ్మే అవ్వ పూలు కొలిచే మూరే. ఆ మూరెడు మూత వుంటే, తొట్టి బయట నుంచి చెయ్యి చాచినా వేళ్ళు లోపలి చక్రాన్ని అందుకోలేవు. చెయ్యిని కాపాడేది చెయ్యి కొలతే అన్నమాట.

మరి మా చిన్నమ్మ వేళ్ళు తీసిన చొప్ప మిషను సంగతి? దాని మీద పరిశోధన చేసినవాళ్ళు కూడా వున్నారని చదివినప్పుడు కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. ఢిల్లీ ఐ.ఐ.టి.లో ప్రొఫెసర్ దినేశ్ మోహన్ గారని, ప్రమాదాల నివారణ మీద జీవితమంతా పనిచేసిన మనిషి. 2021లో కరోనాతో పోయారు. ఆయనా, ఆయన సహచరులూ ఉత్తరాది పల్లెల్లో తిరిగి, ఈ మిషన్ల వల్ల తగిలే గాయాలను చూశారు. మిషనుతో ఆడుకునే పిల్లలు కూడా అందులో గాయపడుతున్నారని గమనించారు. వాళ్ళు చెప్పిన మార్పులు మూడే మూడు. ఒకటి, కత్తులకు అడ్డుగా ఒక కవచం. రెండు, పని లేనప్పుడు పిల్లలు తిప్పకుండా చక్రానికి ఒక గడియ. మూడోది, పళ్ళ రోలర్ల కంటే ముందే తొట్టిలో ఇంకొక రోలరు. చెయ్యి ముందు దానికి తగులుతుంది, మనిషి ఉలిక్కిపడి వెనక్కు తీసుకుంటాడు. ఈ పని వివరాలు 2004లో అచ్చయినాయి. వాళ్ళు చెప్పినవి పెద్ద పెద్ద విద్యలేమీ కావు. వూళ్ళో కమ్మరి కొలిమి దగ్గర కూర్చుని చేసిపెట్టగల పనులు. మా ఇంట్లో మిషనుకు ఆ మూడింటిలో ఒక్కటి వున్నా ఈ రోజు చిన్నమ్మ చెయ్యి నిండుగా వుండేది.

ఇంకొక ఆవిడ గురించి కూడా చెప్పాలి. ఆమె పేరు లిలియన్ గిల్‌బ్రెత్, అమెరికాలో 1878లో పుట్టింది. పన్నెండుమంది పిల్లల తల్లి! ఆమె, ఆమె భర్త ఫ్రాంక్ కలిసి పనిచేసేవాళ్ళ చేతి కదలికల మీద పరిశోధన చేశారు. పనివాడి వేలికి చిన్న విద్యుద్దీపం కట్టి, చీకటి గదిలో ఫోటో తీసేవారు. వేలు ఎటు పోయి ఎటు వచ్చిందో ముగ్గు గీతలాగా ఫోటోలో పడేది. ఇటుక పేర్చే తాపీ మేస్త్రీ ఒక ఇటుకకు చేసే పద్ధెనిమిది కదలికల్లో అవసరమైనవి అయిదుకు మించవని ఫ్రాంక్ తేల్చాడు. 1924లో భర్త పోయిన తర్వాత ఆమె ఒంటరిగా ఆ పని సాగించి, వంటిళ్ళ మీద దృష్టి పెట్టింది. కాలితో తొక్కితే మూత తెరుచుకునే చెత్తడబ్బా ఆమె ఆలోచనే అంటారు. మొదటి ప్రపంచ యుద్ధంలో చేతులూ కాళ్ళూ పోగొట్టుకున్న సైనికులు మళ్ళీ పని చేసుకునే పద్ధతుల మీద 1920లో ఆ దంపతులు ఒక పుస్తకం కూడా రాశారు.

ఆ దీపాల ఫోటో గురించి చదువుతుంటే నాకొక ఆలోచన వచ్చింది. ఆ సాయంత్రం చిన్నమ్మ వేలికి దీపం కట్టి వుంటే ఏం కనిపించేది? నాలుగు కట్టలు కోసినంత సేపూ ఆ దీపం తొట్టి బయటే తిరుగుతూ వుండేది. ఎందుకంటే పొడుగు దంట్లను దూరం నుంచే తోయవచ్చు. చివరి పిడికెడు దగ్గరే దీపం రోలర్లదాకా పోయింది. ఆమె ధ్యాస తప్పిందా? లేదు. నాలుగు కట్టలప్పుడు ఎంత ధ్యాస వున్నదో, చివరి పిడికెడప్పుడూ అంతే వున్నది. దంట్లు పొట్టివయినాయి, అంతే. పొట్టి దంటును తోయడానికి ఆ మిషను చేసినవాడు చెయ్యి తప్ప వేరే దారి పెట్టలేదు. వృథా చేయడం ఆమెకు చేతకాలేదు. ఆమెకు దెబ్బ తగిలింది నిర్లక్ష్యం వల్ల కాదమ్మా. పొదుపు వల్ల!

ఇప్పుడు మళ్ళీ మీ చేతుల వైపు చూసుకోండి. క్యారెట్ మొదట్లో తురిమేటప్పుడు ఎవరి వేలూ తెగదు. చివరి అంగుళం ముక్క దగ్గరే తెగుతుంది. కత్తిపీట మీద కంద తరిగినా, కొబ్బరి చిప్ప అంచులు కోరినా అంతే. గ్రైండరులో పిండంతా నలిగి, అంచుకు అంటుకున్న కాసింత పిండిని వేలితో లోపలికి తోయబోతే, అప్పుడే రాయి వేలిని పట్టుకుంటుంది. కుట్టు మిషను మీద బారెడు కుట్టు సాఫీగా పోతుంది, చివరి అంగుళం గుడ్డను పట్టుకోబోతేనే సూది వేలిలో దిగుతుంది. అంతా చివరి పిడికెడే! "వృథా చేయకూడదు" అని చిన్నప్పటి నుంచి మనకు నూరిపోసిన బుద్ధే మన వేలిని కత్తి దాకా తీసుకుపోతున్నది.

అయితే ఏం చేయాలి? జాగ్రత్తగా వుండండి అని మాత్రం నేను చెప్పను. ఆ మాట మీరు చాలా విన్నారు. చెయ్యి అక్కడికి పోనవసరం లేకుండా చేసుకోండి. నేను మా ఇంట్లో చేసుకున్నవి చెబుతాను.

తురిమే పలక మీద చివరి ముక్క తురమను. సాంబారులో వేస్తాను. రోజుకు నాలుగు క్యారెట్ ముక్కలు సాంబారులోకి పోతే కొంప మునగదు. తప్పనిసరి అయితే ముక్కకు ఒక ఫోర్కు గుచ్చి పట్టుకుంటాను.

గ్రైండరు పక్కనే ఒక కర్ర గరిటె తాడుతో కట్టి వుంచాను. పిండి తోయాలంటే ముందు స్విచ్చి ఆపడం, తర్వాత గరిటె. గరిటె వెతుక్కోవలసి వస్తే చెయ్యే పోతుంది. అందుకే తాడు. మిక్సీ బ్లేడు దగ్గర చెయ్యి పెట్టాలంటే మీట తిప్పడం కాదు, ప్లగ్గు పీకడమే. కొంగో మోచెయ్యో తగిలి మీట తిరగవచ్చు.

తిరిగే యంత్రం ఏదయినా సరే, దాని దగ్గర వేలాడే కొంగు, చున్నీ, జడ వుండకూడదు. చేతి తొడుగులు వేసుకుంటే మంచిదనుకుంటాం. తిరిగే వాటి దగ్గర అవి మరీ ప్రమాదం, తొడుగు అంచు చిక్కుకుంటే చేతినే లాక్కుపోతుంది. వదులు గాజులూ, ఉంగరాలూ కూడా అంతే. గాజులు తీయడానికి మనసొప్పకపోతే మోచేతి వైపు పైకి తోసి, రబ్బరు బ్యాండు వేసుకోండి.

స్టవ్ మీటలకు ఏది ఏ పొయ్యిదో రంగు చుక్క పెట్టుకోండి. పొయ్యి పక్కన ఒక చుక్క, మీట మీద అదే రంగు చుక్క. మా ఇంట్లో గోళ్ళ రంగుతో పెట్టాను. పని మనిషికీ, పండక్కి వచ్చిన ఆడబిడ్డకూ కూడా చెప్పనక్కర్లేకుండా తెలుస్తుంది.

పల్లెలో మీ పుట్టింటివాళ్ళకు, అత్తింటివాళ్ళకు చొప్ప మిషను వుంటే ఈసారి వెళ్ళినప్పుడు చూడండి. చివరి పిడికెడు తోయవద్దని చెప్పండి. దాన్ని పక్కన పెట్టి, మర్నాడు కొత్త కట్ట మధ్యలో పెడితే పొడుగు దంట్లే దాన్ని లోపలికి తీసుకుపోతాయి. చక్రానికి గొలుసూ తాళమూ వేయించండి. ఇప్పుడు చాలా ఇళ్ళల్లో మోటారు మిషన్లే వచ్చాయి. మరీ భద్రం. చేత్తో తిప్పే చక్రం దగ్గర ఒక మనిషి వుంటాడు, కేక వేస్తే ఆగుతాడు. మోటారుకు చెవులు లేవు. దాని స్విచ్చి తొట్టి దగ్గర కూర్చున్న మనిషి చేతికి అందేచోట వుండాలి.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే, నడుస్తున్న యంత్ర భాగాలను తుడవడానికీ, నూనె వేయడానికీ ఆడవాళ్ళను పెట్టకూడదని రాశారు. ఫ్యాక్టరీకి చట్టం వున్నది, ఇన్‌స్పెక్టరు వున్నాడు. మన వంటింటికి, మన పశువుల పాకకు ఏ ఇన్‌స్పెక్టరూ రాడు. ఆ ఇన్‌స్పెక్టరు వుద్యోగం మనమే చేసుకోవాలి.

ఇంత చేసినా ఎక్కడైనా కర్మం కాలి వేలు తెగి పడిందనుకోండి. ఆ రోజు మా ఇంట్లో ఎవరికీ తెలియని సంగతి ఒకటున్నది, మీరు తెలుసుకోండి. గాయం మీద పసుపు, కాఫీ పొడి కూరవద్దు. శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి పట్టండి. తెగిన వేలిని పారేయకండి. శుభ్రమైన తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టి, ఆ సంచిని ఐసు మీద పెట్టండి. వేలు నేరుగా ఐసుకు తగలకూడదు. మనిషితో పాటు దాన్నీ ఆస్పత్రికి తీసుకుపోండి. త్వరగా చేరితే తిరిగి అతికించే అవకాశం వుంటుంది. ఆ సాయంత్రం మేం మనిషిని తీసుకుపోయాం గానీ, వేళ్ళ మాట ఎవరికీ తోచలేదు.

మొన్న సంక్రాంతికి గడివేముల వెళ్ళాను. చిన్నమ్మకు అరవై దాటాయి. తెల్లవారుజామున లేచి చూస్తే, ఆమె వాకిట్లో ముగ్గు వేస్తున్నది! బొటనవేలికీ ఉంగరపు వేలికీ మధ్య పిండి జారవిడుస్తూ, మెల్లగా, పెద్ద చుక్కల ముగ్గు. ఎన్నాళ్ళ నుంచి అని అడిగితే, "పదేండ్లు అయితుండాది. మొదట్లో వంకరగా వచ్చేది, ఎవురూ లేవక ముందే చెరిపేస్తా వుంటి" అన్నది. గిల్‌బ్రెత్ దంపతులు పుస్తకం రాసి చెప్పిన విద్యను ఆమె తనకు తానే నేర్చుకున్నది.

ముగ్గు అయిపోయాక అరుగు మీద కూర్చుని, మీకు చెప్పినవన్నీ ఆమెకు చెప్పాను. విమానం మీటలు, మూరెడు మూత, ఢిల్లీవాళ్ళు పెట్టమన్న రోలరు. చివర్లో, ముప్పై ఏళ్ళుగా గొంతులో వున్న మాట కూడా చెప్పాను. "చిన్నమ్మా, చక్రం తిప్పింది నేనే."

ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నువ్వు తిప్పింది తప్పు అని నేను ఏపొద్దూ అనుకోలేదు పాపా. నాదే తప్పు అనుకుంటి" అన్నది. మళ్ళీ కొంచెంసేపు వూరుకుని, "అయితే నాది గూడా కాదంటావా?" అని అడిగింది.

"కాదు" అన్నాను.

"ఆ మాట అప్పుడే చెప్పేవాళ్ళు ఒక్కరుంటే బాగుండు" అన్నది. అని, ముగ్గు చిప్ప తీసుకుని లోపలికి పోయింది.

అందుకే సోదరీమణులారా, ఈ రోజు మీ ఇంట్లో ఎవరికైనా, పిల్లకో, కోడలికో, పనికి వచ్చే మనిషికో వేలు తెగితే, "ధ్యాస యాడ పెట్టినావు?" అనే మాట ఒక్కటి నోటి దాకా వచ్చినా మింగేయండి. ముందు కట్టు కట్టండి. తర్వాత ఆ వేలు అక్కడికి ఎందుకు పోయిందో కూర్చుని చూడండి. కారణం దొరుకుతుంది. దొరికితే ఆ చోటికి ఇంకో వేలు పోకుండా చూడవచ్చు.